ఏజెంట్ పరంతప్ కాపురం

ఏజెంట్ పరంతప్‌కు అసలు పెళ్లే కాలేదని పరంతప్ విశ్వ ప్రామాణికతా మండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. అప్పటికి ఆయనకు పెళ్లయి ముప్పై ఏళ్లు దాటింది.

భ్రమరాంబ టీచరు ఈ వార్తను బెజవాడలో తను పనిచేసే హైస్కూల్ స్టాఫ్ రూములో, పక్క బల్ల మీది పేపర్లో చూసింది. రెండుసార్లు చదివింది. వాక్యంలో ఎక్కడా తప్పు లేదు. తెలుగు టీచరుగా ఆమె అనుభవంలో అబద్ధాలకు వ్యాకరణం ఎప్పుడూ బాగానే కుదురుతుంది.

పరంతప్‌ను పుట్టించింది ఆమె భర్త గోవర్ధనం. నీటిపారుదల శాఖలో గుమాస్తా ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రాలు వరండాలో కూర్చుని గూఢచారి నవలలు రాశాడు. అవి బస్టాండుల్లో, అద్దె పుస్తకాల షాపుల్లో పెసరట్లలా అమ్ముడుపోయేవి. గోవర్ధనం గన్నవరం దాటి పెద్దగా వెళ్లినవాడు కాదు. జెనీవాలో పరంతప్ దూకిన ప్రతి వంతెన కిందా పారింది బందరు కాలవే. తర్వాత ఆ నవలలు సినిమాలయ్యాయి. నలుగురు హీరోలు ఒకరి తర్వాత ఒకరు పరంతప్‌గా నటించారు. ఆ తర్వాత ఫోన్లలో ఆడుకునే గేములయ్యాయి.

గోవర్ధనం తన పెళ్లయిన కొత్తల్లోనే పరంతప్‌కూ పెళ్లి చేశాడు. తను సంసారి అయ్యాక గూఢచారిని క్లబ్బు డాన్సర్ల మధ్య వదిలెయ్యడం ఆయనకు మొహమాటమనిపించింది. ఆ అమ్మాయి పేరు వకుళ. ఆ తర్వాత ప్రతి నవల చివరా రెండు పేజీలు ఆమెవి. దేశాన్ని కాపాడి పరంతప్ ఇంటికొస్తాడు. తను ఎరువుల కంపెనీ ప్రతినిధినని ఆయన భార్యకు చెప్పాడు. “ఈసారి క్యాంపు ఎక్కడ?” అంటుంది వకుళ. “నిడదవోలు” అంటాడు పరంతప్. చొక్కాకు తూటా చేసిన చిల్లు చూసి, “నిడదవోల్లో ఎలుకలు బాగా ఎక్కువనుకుంటా” అని ఆమె ఇంకో చొక్కా తెచ్చి ఇస్తుంది. ఇద్దరూ అన్నానికి కూర్చుంటారు. నవల అయిపోతుంది.

పాఠకులు వాటిని ఇంటి పేజీలనేవారు. వాటిలో వకుళ అన్న మాటలు చాలావరకు భ్రమరాంబ అన్నవే. వంటింట్లో ఆమె ఒక మాటంటే, కొన్ని నెలలకు అది అచ్చులో కనబడేది. గోవర్ధనం కిందటేడు వానాకాలంలో పోయాడు. అప్పటినుంచి ఆమె రోజూ ఏదో ఒక నవల తీసి చివరి రెండు పేజీలు చదువుకుంటోంది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

మండలి తీర్మానం ప్రకారం, కొత్తగా వేసే ప్రామాణిక ముద్రణలో ఇంటి పేజీలు ఉండవు. షాపుల్లో, గ్రంథాలయాల్లో ఉన్న పాత ప్రతులను ‘విశ్వశుద్ధి’ పథకం కింద వెనక్కి తీసుకుని పేపరు మిల్లుకు పంపుతారు.

మర్నాడు స్కూలుకు మండలి మనిషి వచ్చాడు. ముప్పై నిండని కుర్రాడు. మెడలో ఐడీ కార్డు, చేతిలో ప్రోటీన్ నీళ్ల డబ్బా.

“నమస్తే మేడం. నా పేరు నిఖిలేష్. చీఫ్ యూనివర్స్ ఆఫీసర్ని.”

“ఏ విశ్వానికి బాబూ?”

“పరంతప్ విశ్వానికి మేడం. నవలలు, సినిమాలు, గేములు అన్నీ కలిపి ఒకే విశ్వం. ఇప్పుడు అందరూ అదే చేస్తున్నారు. విశ్వం లేకపోతే మార్కెట్లో ఎవరూ కుర్చీ కూడా వెయ్యట్లేదు.”

“అంత విశ్వంలో మా వకుళకు చోటు లేకపోయిందా?”

“అదే మేడం ప్రాబ్లం. సినిమాల్లో పార్టుకో హీరోయిన్. గేములో ఆయన ఒక్కడే. కాపురం కోడింగ్ చెయ్యడం చాలా కష్టమంటున్నారు మా వాళ్లు. పేలుళ్లు ఈజీ మేడం. నవలల్లో చూస్తేనేమో వైఫ్. ఒకే మనిషి మూడు చోట్ల మూడు రకాలుగా ఉంటే ఎట్లా?”

“మనుషులు మూడు చోట్ల మూడు రకాలుగానే ఉంటారు గదా.”

“మనుషులుంటారు మేడం. క్యారెక్టర్లు ఉండకూడదు.”

“నువ్వు ఆ నవలలు చదివావా?”

“సమ్మరీలు చూశాను మేడం. దానికో టీముంది.” నిఖిలేష్ కాస్త ముందుకు వంగాడు. “మీరొక్క సంతకం చేస్తే చాలు. వకుళ అనే మనిషి లేదని ఒప్పుకున్నట్టు.”

“లేని మనిషి లేదని చెప్పడానికి నా సంతకం దేనికి?”

ఈ ప్రశ్నకు జవాబు పటమటలో ఉండే మస్తాన్ గారి దగ్గర ఉంది. పరంతప్ నవలలు అచ్చేసింది ఆయనే. పాకెట్ నవలల వ్యాపారంలో ఒక రివాజు ఉండేది. రచయిత అలిగినా సీరియల్ ఆగకుండా ఉండటానికి ప్రచురణకర్త కథానాయకుణ్ని గుత్తగా కొనేసేవాడు. గోవర్ధనం నాయకుణ్ని అమ్మాడు. వకుళను మాత్రం అమ్మనన్నాడు. “మా ఇంటి మనిషిని అమ్ముకోవడమేంటి మస్తాన్” అన్నాడు. మస్తాన్ గారు వెంటనే ఒప్పుకున్నారు. భార్యతో సహా గూఢచారిని కొన్నవాడు అప్పటికి బెజవాడలో లేడు. తర్వాతెప్పుడో ఆయన ప్రెస్సు అమ్మేస్తూ యంత్రాలతోపాటు పరంతప్‌నూ కలిపి అమ్మారు. అలా చేతులు మారి మారి గూఢచారి మండలికి దక్కాడు. ఆయన భార్య మాత్రం గోవర్ధనం తదనంతరం భ్రమరాంబకు వచ్చింది.

“సంతకం పెట్టకు టీచరమ్మా” అన్నారు మస్తాన్ గారు ఆమె వెళ్లి అడిగితే. “మగాడు వాళ్లవాడు కావచ్చు. ఇల్లు మనది.”

సంతకం పెట్టనందుకు ఆమెను విచారణ కోసం హైదరాబాదు పిలిచారు. మండలి అధ్యక్షులు సోమనాథం గారు ఏదో శాఖలో సంయుక్త కార్యదర్శిగా చేసి దిగినవారు. ఆ తర్వాత ఒక విగ్రహాల కమిటీకి, ఒక కొబ్బరి పీచు కమిటీకి అధ్యక్షత వహించారు. గూఢచారుల గురించి ఆయనకు ఏమీ తెలియదు గాని, అధ్యక్షత గురించి తెలియనిది లేదు.

“పాత్రలు స్వయముగా హాజరు కాజాలవు గనుక, ఏడవ నియమం ప్రకారం, ఏ పాత్రకు ఎవరు హక్కుదారులో వారినే ఆ పాత్రగా పరిగణించవలసి ఉంటుంది. ఇందుమూలముగా తమరు శ్రీమతి వకుళా పరంతప్‌గా పరిగణింపబడుచున్నారు” అన్నారాయన.

“మరి పరంతప్ ఎవరండీ?”

నిఖిలేష్ క్లాసులో పిల్లాడిలా చెయ్యెత్తాడు.

భ్రమరాంబ అతన్ని ఒకసారి చూసింది. ఆమెకు తెలిసిన పరంతప్‌కు కణతల దగ్గర జుట్టు నెరిసి ఉంటుంది. ఈ పరంతప్ డబ్బా మూత తీసి ప్రోటీన్ నీళ్లు తాగుతున్నాడు.

“భార్య హాజరు. భర్త హాజరు” అని మండలి గుమాస్తా పలికాడు.

అధ్యక్షులు గొంతు సవరించుకున్నారు. “మండలి మూడు ప్రత్యామ్నాయాలను సానుభూతితో రూపొందించింది. మొదటిది. సదరు వివాహము, నాయకుడు విషప్రయోగానికి లోనైన తరుణంలో కన్న కల.”

“ముప్పై ఏళ్ల కలా అండీ?”

“దీర్ఘస్వప్నం అను వర్గాన్ని మండలి నూతనంగా ఏర్పాటు చేసినది. అది సమ్మతం కానిచో రెండవది. వకుళ శత్రుదేశపు గూఢచారిణి.”

“ఆవిడ శత్రువులకు ఏం చేరవేసిందండీ? ఆవిడకు తెలిసింది నిడదవోలు ఒక్కటే గదా.”

“అది దర్యాప్తులో తేలవలసిన అంశం. మూడవది విస్మృతి. తలకు దెబ్బ తగిలి నాయకుడు తన వివాహాన్ని మరచిపోవును.”

“ఆయన మరిచిపోతే ఆవిడకు పెళ్లి కానట్టవుతుందా?”

“చలనచిత్ర విభాగం వారి అభిప్రాయంలో అవుతుంది.”

భ్రమరాంబ మూడింటికీ ఒప్పుకోలేదు. గొంతు పెంచలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. పరీక్ష హాల్లో చీటీ పట్టుకున్నప్పుడు చూసినట్టు చూస్తూ కూర్చుంది. “భార్య మొండితనాన్ని నమోదు చేయండి” అన్నారు సోమనాథం గారు.

భార్యాభర్తల మధ్య పొరపొచ్చాలు వచ్చినట్టు నమోదయ్యాక, నియమావళి ప్రకారం తర్వాతి మెట్టు కౌన్సెలింగు. దానికోసం ఒక కుటుంబ సలహా కేంద్రం నుంచి నడివయసు సలహాదారును రప్పించారు. ఆమెకు కేసు పూర్వాపరాలు ఎవరూ చెప్పినట్టు లేదు. భార్యనూ భర్తనూ మార్చి మార్చి చూసింది. ఎన్నో చూసిన మనిషి గనుక ఏమీ అనలేదు.

“మీ ఇద్దరి మధ్య దూరం ఎప్పట్నించి పెరిగింది?” అని అడిగింది.

నిఖిలేష్ ల్యాప్‌టాప్ చూసి చెప్పాడు. “రెండో సినిమా నుంచి మేడం. ఫారిన్ షెడ్యూళ్లు ఎక్కువయ్యాయి.”

“ఇంట్లో ఆవిడతో మాట్లాడతారా?”

“నవలల్లో అయితే రెండు పేజీలు మాట్లాడతాను. సినిమాల్లో అసలు కలవను.”

“మీరు చెప్పండమ్మా. భార్యగా మీకేమనిపిస్తుంది?”

“రెండు పేజీలంటే తక్కువేం కాదమ్మా” అంది భ్రమరాంబ. “చాలా ఇళ్లల్లో అంత కూడా ఉండదు.”

“అది నిజమే” అని సలహాదారు టీ తెప్పించుకుంది. దంపతుల మధ్య అన్యోన్యత ఉందని, విడదీయడం పాపమని నివేదిక ఇచ్చింది. నివేదికలో అనవసరమైన సానుకూలత ఉన్నందున మండలి దాన్ని తిరస్కరించింది.

మెట్లు దిగుతుంటే నిఖిలేష్ వెనకే వచ్చాడు.

“మేడం, ఒక్క మాట. మార్గశిరంలో నా పెళ్లి. అమ్మాయి పేరు హారిక. మా లీగల్ వాళ్లేమో, ఇది తేలేదాకా నేను రికార్డులో పెళ్లైనవాణ్ని అంటున్నారు. కంపెనీ రూల్స్‌లో రెండో పెళ్లికి లీవ్ లేదంట.”

“మీ అమ్మగారికి చెప్పావా?”

“చెప్పాను. మీ గోత్రం ఏంటని అడిగింది.”

భ్రమరాంబకు నవ్వొచ్చింది. ఏడాది తర్వాత వచ్చిన నవ్వు కావడంతో అది ఆమెకే కొత్తగా ఉంది. “ఆ అమ్మాయిని బెంగ పెట్టుకోవద్దని చెప్పు బాబూ. నేను సవతి పోరు పెట్టే రకం కాదు” అంది.

కౌన్సెలింగు పారకపోతే పెద్దమనుషుల పంచాయితీ. ఇది నియమావళిలో లేదు గాని, నియమావళి రాసినవాళ్ల ఊళ్లల్లో ఉంది. బెజవాడలో ఒక ఫంక్షన్ హాల్లో చాపలు పరిచారు. ఆడపిల్ల తరఫున మస్తాన్ గారు కూర్చున్నారు. మగపెళ్లివారి తరఫు పెద్దగా మండలి గుడివాడ నుంచి పరంతప్ అభిమాన సంఘం అధ్యక్షుడు బుజ్జిబాబును పిలిపించింది. అతను తలకు పరంతప్ బొమ్మ ఉన్న రుమాలు కట్టుకుని, నలుగురు కార్యవర్గ సభ్యులతో వచ్చాడు.

“మా అన్నకి పెళ్లేంటండీ” అన్నాడు బుజ్జిబాబు కూర్చుంటూనే. “చిన్నప్పట్నించీ కటౌట్లు కడతన్నాం. ఏ కటౌట్లో అయినా పక్కన ఆడమనిషి ఉందాండీ?”

“పక్కన భార్యని నిలబెడితే ఇంకో పది సరుగుడు బాదులు కావాలని మీరే నిలబెట్టలేదు” అన్నారు మస్తాన్ గారు. “అది సాక్ష్యం కిందికి రాదు నాయనా.”

“మీరు ఊరుకోండి మస్తాన్ గారూ. గూఢచారిని అమ్మేసుకున్నోరు మీరు. మీకు మాటాడే హక్కు లేదు.”

“అమ్మింది కుర్రోణ్ని. కోడల్ని కాదు.”

కార్యవర్గ సభ్యుడొకడు కిసుక్కున నవ్వి అధ్యక్షుడి మొహం చూసి ఆపేశాడు. బుజ్జిబాబు భ్రమరాంబ వైపు తిరిగాడు. “అమ్మా, మీరు చెప్పండి. అన్న నిజంగా ఇంటికొచ్చేవోడా?”

“వచ్చేవాడు.”

“ఫైటింగులయ్యాక, ఆ దెబ్బల్తోనే?”

“దెబ్బలతోనే. బస్సు దిగుతూ జారిపడ్డానని చెప్పేవాడు.”

“మీరు నమ్మేవోరా?”

“నమ్మినట్టు ఉండేదాన్ని” అంది భ్రమరాంబ. “అలిసిపోయి వచ్చిన మనిషిని అబద్ధం ఆడనివ్వాలి గదా.”

బుజ్జిబాబుకూ ఇంట్లో ఒక భార్య ఉంది. కటౌట్ల నుంచి వచ్చిన ప్రతిసారీ ఎక్కడికెళ్లాడో చెప్పిన పాపాన పోలేదు. ఆమె అడిగిన పాపానా పోలేదు. అతను తలకున్న రుమాలు విప్పి, లేచి వచ్చి, భ్రమరాంబ కాళ్లకు దణ్ణం పెట్టాడు.

“తప్పైపోయింది వదినా” అన్నాడు.

మండలి ఈ పరిణామాన్ని ఊహించలేదు. వారం తిరక్కుండా గుడివాడ నిండా వదినమ్మకు పాదాభివందనాలంటూ ఫ్లెక్సీలు లేచాయి. వకుళ ఫొటో దొరక్క, ఒక చీర బొమ్మ వేసి పైన దీపం పెట్టారు. సంఘం మహిళా విభాగం పసుపు కుంకుమలు, గాజులు, రవికెల గుడ్డ పళ్లెంలో పెట్టుకుని భ్రమరాంబ గుమ్మంలోకి వచ్చింది. ఏడాదిగా అలాంటి పళ్లెం ఆమె ముందుకు రాలేదు. పక్కింటి నోములకు కూడా ఆమెను మొహమాటంగా తప్పించారు. మండలి రికార్డు ప్రకారం మాత్రం ఆమె ముత్తైదువ. ఆమె రెండు చేతులూ చాపి పళ్లెం అందుకుంది. లోపలికి తీసుకెళ్లి, వకుళ పేరు చెప్పి దేవుడి ముందు పెట్టింది.

మండలి అత్యవసరంగా సమావేశమైంది. భ్రమరాంబ మళ్లీ హైదరాబాదు వెళ్లింది. ఈసారి అధ్యక్షుల గొంతులో తేనె కలిసింది.

“వివాహమును రద్దు చేయజాలమని విదితమైనది. అభిమానుల మనోభావాలు సైతం భార్యకు అనుకూలముగా మారినవి. కావున వకుళ గారికి వీరమరణం ప్రసాదించుటకు మండలి సుముఖముగా ఉన్నది. పాత్రకు మరణమనేది గౌరవప్రదమైన పదవీ విరమణ.”

“చాలా గ్రాండ్‌గా చేస్తాం మేడం” అన్నాడు నిఖిలేష్. “కారు బ్లాస్ట్. హీరోకి పగ దొరుకుతుంది. మూడు సినిమాలకి సరిపోతుంది.”

“ఆవిడ పోయిన మర్నాడు ఆయనేం చేస్తాడు?” అని అడిగింది భ్రమరాంబ.

“గన్ తీస్తాడు మేడం.”

“అది సరే. దానికంటే ముందు?”

“ముందంటే?”

“పొద్దున్నే పాల పాకెట్లు వేసే మనిషి వస్తాడు గదా. రేపట్నించి ఒకటి చాలని ఎవరు చెబుతారు?”

మినిట్సు రాసే గుమాస్తా కలం ఆపి చూశాడు.

“చెప్పకపోతే అతను అలవాటుగా రెండూ వేసి పోతాడు. పాలు మిగులుతాయి. తోడు పెడితే పెరుగు మిగులుతుంది. ఒకటి చాలని చెప్పడానికి నాకు…” ఆమె ఆగి, మాట దిద్దుకుంది. “చెప్పడానికి పరంతప్‌కు చాలా రోజులు పడుతుంది. అన్ని రోజులూ తుపాకీ గూట్లోనే ఉంటుంది. మీ మూడు సినిమాలూ అక్కడే ఆగిపోతాయి.”

పాల పాకెట్ల సమస్యపై ఒక ఉపసంఘాన్ని నియమించాలని సోమనాథం గారు ఆదేశించారు. నాయకుణ్ని డికాక్షనుకు అలవాటు చేయాలని ఆ ఉపసంఘం సిఫారసు చేసింది. చలనచిత్ర విభాగం ఒప్పుకోలేదు. మొదటి సినిమాలోనే ఆయన గేదె పొదుగు కింద నోరు పెట్టి తాగాడట.

మార్గశిరం దగ్గర పడింది. రికార్డులోని భార్య విడాకులివ్వదు, చావదు, కలా కాదు. నిఖిలేష్ నిద్ర మాని ఆలోచించి దారి కనిపెట్టాడు. దాని పేరు ప్రీక్వెల్.

“సింపుల్ మేడం” అన్నాడు తర్వాతి సమావేశంలో. “పెళ్లికి ముందు జరిగిన కథలే మేం చేసుకుంటాం. పెళ్లి తర్వాతది మీరే ఉంచుకోండి. గొడవ లేదు.”

“వివాహానంతర కాలము సంఘటనారహితమని, వాణిజ్య ప్రయోజనము లేనిదని మండలి దృఢాభిప్రాయము” అన్నారు అధ్యక్షులు. “దానిపై సర్వహక్కులూ తమకే వదులుకొనుచున్నాము.”

“పెళ్లి తర్వాత జరిగినదంతా అని రాస్తారా అండీ?”

“రెండేసి పేజీలకు ‘అంతా’ అను పదము కొంత భారమే. అయినను అభ్యంతరము లేదు.”

పక్కన కూర్చున్న మస్తాన్ గారికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది. భ్రమరాంబ ఆయన వైపు చూడలేదు. ఆమె ఒకరిని మోసం చేసే మనిషి కాదు. కాపీ కొట్టిన పిల్లాడికి కూడా ఒప్పుకోడానికి వ్యవధి ఇస్తుంది.

“సంతకాలకు ముందు నవలలు ఒకసారి చదివి చూసుకోండి. తొందరేం లేదు” అంది.

“సమ్మరీలు చూశాం మేడం” అన్నాడు నిఖిలేష్. అతనికి తొందర ఉంది.

సంతకాలయ్యాయి. నిఖిలేష్ పెళ్లి వైభవంగా జరిగింది. రికార్డులోని మొదటి భార్య వెళ్లి అక్షింతలు వేసి వచ్చింది.

పెళ్లికొడుకు సెలవు మీద ఉండగా, ప్రామాణిక ముద్రణ టీములో కొత్తగా చేరిన ఒకాయన పని తెలియక నవలలు తెరిచి చదివాడు. మండలి చరిత్రలో ఆ పని చేసిన మొదటి మనిషి అతనే. పరంతప్ పెళ్లి నాలుగో నవలలో జరిగింది. ఆ తర్వాత వచ్చిన వందకు పైగా నవలలూ పెళ్లి తర్వాతవే. సినిమాలన్నీ వాటిలోంచి తీసినవే. సమ్మరీలు తయారుచేసినవాళ్లు పేలుళ్లు మాత్రమే ఎత్తి రాసుకున్నారు. పెళ్లిలో ఏదీ పేలలేదు గనుక అది వాళ్ల కంటపడలేదు.

మండలికి మిగిలింది మూడు నవలలు. వాటిలో ఒకదానిలో పరంతప్ చాలావరకు టైఫాయిడ్‌తో మంచం మీద ఉంటాడు. మిగతావన్నీ, జలాంతర్గాములు, విషపు ఉంగరాలు, దేశదేశాల విలన్లు, ఇద్దరు నియంతలతో సహా, ఒక హైస్కూల్ తెలుగు టీచరు ఆధీనంలోకి వెళ్లిపోయాయి.

మండలి వెనకాడలేదు. పొరపాటు చేసిన సంస్థ దాన్ని విధానంగా ప్రకటించడం ఆనవాయితీ. మూడు నవలలూ అయిపోయాక నాయకుడి కాలేజీ రోజులు తీశారు. అవి అయిపోయాక హాస్టలు రోజులు. యాభై దాటిన హీరో గారు నిక్కరు వేసుకుని ఏడో తరగతి ప్రశ్నాపత్రం లీకు ముఠాను పట్టుకున్నారు. “నాయకుడు క్రమేపీ పసితనం దిశగా పురోగమిస్తున్నాడు” అని సోమనాథం గారు విలేకరులకు చెప్పారు. తర్వాతి గేములో ఆడేవాళ్లు ఉయ్యాలలోంచి శత్రువుల మీదికి పాలసీసా విసరాలి. ఆ తర్వాత బారసాల మీద సినిమా తీశారు. థియేటర్లలో జనం పిల్లాడికి పేరు పెట్టేలోపే లేచిపోయారు. ఇంకా వెనక్కి వెళ్లి గర్భంలోని సాహసాలు తీద్దామని చలనచిత్ర విభాగం ఫైలు పెట్టింది. అప్పటికి హారిక నెల తప్పి ఉంది. ఆ ఫైలు మీద సంతకం పెడితే పుట్టింటికి వెళ్లిపోతానని ఆమె భర్తకు చెప్పింది.

ఒక ఆదివారం పొద్దున భ్రమరాంబ ఇంటి ముందు రెండు కార్లు ఆగాయి. సోమనాథం గారు పట్టు కండువా వేసుకుని దిగారు. నిఖిలేష్, హారిక పళ్లూ పూలూ ఉన్న పళ్లేలు పట్టుకున్నారు. బుజ్జిబాబు కొత్త చొక్కాలో ఉన్నాడు. కబురందుకున్న మస్తాన్ గారు అప్పటికే వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నారు.

“నియమావళి మొత్తం తిరగవేసితిమి” అన్నారు సోమనాథం గారు కూర్చుని. “పెళ్లైన నాయకుడు కావలెనన్నచో పెళ్లి చేయడం తప్ప వేరు మార్గము కనబడలేదు. మా పరంతప్‌కు తమ వకుళను అడుగ వచ్చితిమి.”

“అబ్బాయేం చేస్తుంటాడు?” అన్నారు మస్తాన్ గారు కాలు మీద కాలు వేసుకుని.

బుజ్జిబాబు ఏమాత్రం తడుముకోలేదు. “ఎరువుల కంపెనీలోనండీ. ఊళ్లు తిరిగే ఉజ్జోగం. కుర్రోడు బంగారం.”

భ్రమరాంబ కాఫీలు తెస్తానని లోపలికి వెళ్లింది. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడింది. కావాలంటే ఇప్పుడు వాళ్లను పొమ్మనవచ్చు. నవలలన్నీ ఆమెవి. మస్తాన్ గారు అప్పుడే పాతికదాకా మళ్లీ అచ్చు వేయించారు. ఇంటి పేజీలు ఎవరూ ముట్టుకోలేరు. కాని ఉన్నవి అన్నే. గోవర్ధనం ఇక కొత్తవి రాయడు. వీళ్లకు ఇస్తే, బాగా రాసినా చెడగొట్టినా, పరంతప్ ఇంకా కొన్నాళ్లు ఊళ్లు తిరుగుతాడు.

ఆమె కాఫీలు అందరికీ అందించాక కూర్చుంది.

“ఇస్తాను. ఒక్కటే షరతు” అంది. “ఎక్కడికైనా పంపండి. ఎవరితోనైనా పోట్లాడించండి. ఎన్ని దెబ్బలైనా తగలనివ్వండి. ఆఖరికి ఇంటికి రావాలి. నవలైనా, సినిమా అయినా, ఫోన్లో ఆటైనా.”

“గేములో ప్లేయర్ ఓడిపోతే ఎట్లా మేడం?” అన్నాడు నిఖిలేష్.

“ఓడిపోయినా ఇంటికే గదా బాబూ రావాలి.”

హారిక భర్త వైపు చూసింది. నిఖిలేష్ తలూపాడు. సోమనాథం గారు జేబులోంచి కలం తీసి, షరతును తానే స్వయంగా రాసుకున్నారు.

“షరతుకు కారణము నమోదు చేయవలసి ఉంటుంది” అన్నారు.

భ్రమరాంబకు కారణాలు నోటిదాకా వచ్చాయి. వాటిని మండలి మినిట్సులో చూడటం ఆమెకు ఇష్టం లేకపోయింది.

“వేళకు రాకపోతే కూర చల్లారిపోతుందని రాసుకోండి” అంది.

ఆయన కారణం అని రాసి, పక్కన కూర అని రాశారు. ఏ కూర అని అడగబోయి తలెత్తి ఆమె మొహం చూశారు. తన ఉద్యోగ జీవితంలో మొదటిసారిగా, వేయవలసిన ప్రశ్న వేయకుండా కలం మూసేశారు.